గుంటూరు పచ్చళ్ల కొట్టుకు మార్కెటింగ్: ఏఐ చేత ముందు చదివించాం, తర్వాతే రాయించాం

క్లయింట్ గుంటూరులో ఓ కుటుంబం నడిపే పచ్చళ్లు, పొడుల కొట్టు. బ్రాడీపేటలో కౌంటరు, ఊరి చివర తయారీ షెడ్డు. కారంలో మూడు రకాలు, నల్లకారం, కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి. ఎక్కువ వ్యాపారం కౌంటరు మీదే. మిగతాది వాట్సాప్‌లో, ఫోన్‌లో వచ్చే ఆర్డర్లు, కొంత ఇన్‌స్టాగ్రామ్. పెద్దాయన కొనుగోళ్లు, తయారీ చూస్తారు. ఫోన్ చూసేది పెద్ద కోడలుగారు. పేరు, అమ్మకాల అంకెలు బయటపెట్టొద్దని వాళ్లు కోరారు కాబట్టి ఇందులో శాతాలు, గ్రాఫులు ఉండవు. ఏం చేశాం, ఎందుకు చేశాం, ఏది నిలిచింది, ఏది తీసేశాం అన్నది మాత్రం దాచకుండా రాస్తున్నాను.

నేను విజయవాడలో చిన్న టీమ్‌తో మార్కెటింగ్ పని చేస్తాను. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మా దగ్గరికి వచ్చే వ్యాపారుల్లో చాలామంది అడిగే మాటే వీళ్లూ అడిగారు: "రోజుకో పోస్టు పడాలండీ. ఏఐతో అయితే చవగ్గా అయిపోతుందట కదా." అప్పటికే వాళ్ల పేజీలో అలాంటి పోస్టులు బోలెడున్నాయి. అంతకుముందు ఎవరో చేసిపెట్టినవి. "మా ఆవకాయతో సంప్రదాయ రుచుల అద్భుత ప్రయాణాన్ని ఆస్వాదించండి" అని ఒకటి. దాని మీద లైకులున్నాయి, కింద ఒక్క ప్రశ్న లేదు, ఒక్క ఆర్డరు లేదు.

ఆ పోస్టులోని బొమ్మ కూడా ఏఐ గీసిందే. జాడీ బాగుంది, వెలుతురు బాగుంది, నూనె నిగనిగలాడుతోంది. కానీ మామిడి ముక్కకి టెంక లేదు. పసుపు పచ్చగా, నున్నగా, పండు ముక్కల్లా ఉన్నాయి. ఆవకాయ పెట్టే ఇళ్లలో ముక్క కొట్టించేటప్పుడే ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉందా లేదా చూసుకుంటారు. టెంక ఉంటేనే ముక్క ఏడాదంతా గట్టిగా నిలుస్తుంది. ఆ బొమ్మ చూసిన ఏ గుంటూరు ఇల్లాలికైనా ఇది పచ్చడి తెలిసినవాళ్లు పెట్టింది కాదని అర సెకనులో అర్థమైపోతుంది. పచ్చడి మాత్రం నిజంగా బాగుంటుంది. బొమ్మ వల్ల సరుకు మీదే అనుమానం వస్తోంది.

కొట్టుకు చెప్పుకోవాల్సిన విషయాలు కరువు కాలేదు. కొనేవాళ్లు రోజూ ఏం అడుగుతున్నారో ఒకచోట పోగేసి చూసినవాళ్లే లేరు. అందుకే ఏఐకి మేం ఇచ్చిన మొదటి పని చదవడం. పోస్టులు రాయించే పని దాదాపు మొత్తం పక్కన పెట్టేశాం.

వాట్సాప్‌ను చదివించడం

బిజినెస్ వాట్సాప్‌లో రెండేళ్ల మెసేజీలు ఉన్నాయి. ఏ చాట్‌నైనా ఎక్స్‌పోర్ట్ చేస్తే తేదీ, సమయం, పంపినవాళ్ల పేరుతో టెక్స్ట్ ఫైలు వస్తుంది. అది నేరుగా ఏ టూల్‌లోనూ వేయలేదు. అందులో మనుషుల పేర్లు, నంబర్లు, ఇంటి అడ్రసులు, కొన్నిచోట్ల ఆరోగ్యం సంగతులు కూడా ఉంటాయి. "మా ఆయనకి బీపీ, ఉప్పు తక్కువేసి ఇస్తారా" అని అడిగిన ఆవిడ ఆ మాట కొట్టువాళ్లకి చెప్పుకుంది, మాకు కాదు, ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకీ కాదు. వ్యక్తిగత సమాచార రక్షణకి 2023లో చట్టం వచ్చింది. అది లేకపోయినా ఈ జాగ్రత్త తీసుకోవాల్సిందే. ముందు షీట్‌లో పేర్లు, నంబర్లు, అడ్రసులు తీసేసి, ఒక్కో కస్టమరుకీ ఒక కోడ్ ఇచ్చాం. ఊరు మాత్రం ఉంచాం. టూల్ సెట్టింగ్స్‌లో మన డేటాను మోడల్ ట్రైనింగ్‌కి వాడుకునే ఆప్షన్ ఆపేశాం. ఈ శుభ్రం చేసే పనికే అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. ఎవరైనా ఈ పద్ధతి మొదలుపెడితే ముందుగా దీనికే టైమ్ కేటాయించుకోండి.

తర్వాత విభజన. టూల్‌నే "వీటిని వర్గాలుగా విడగొట్టు" అని అడిగితే ఏ వ్యాపారానికైనా సరిపోయే వర్గాలు ఇస్తుంది: ధర, నాణ్యత, డెలివరీ, సేవ. వాటితో ఇక్కడ ఉపయోగం లేదు. అందుకే కోడలుగారితో కూర్చుని ఒక కట్ట మెసేజీలు చేత్తోనే చదివి వర్గాలు మేమే పెట్టుకున్నాం. వెల్లుల్లి ఉందా లేదా, ఘాటు ఎంత, రంగు కలిపారా, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, విమానంలో పట్టుకెళ్లేలా కడతారా, కొరియర్ ఎప్పటికి వస్తుంది, నూనె ఏది వాడారు, ఫిర్యాదు. ఒక్కో వర్గానికి నాలుగైదు అసలు మెసేజీలు మచ్చుకి పెట్టి, మిగతావన్నీ ఇదే పద్ధతిలో సర్దమన్నాం.

ఇక్కడ టూల్ పనితనం చూసి నాకు నిజంగా సంతోషం వేసింది. మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు, ఒకరి స్పెల్లింగు ఇంకొకరికి కలవదు. గోంగూరనే పది రకాలుగా రాస్తారు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో ఎమోజీ. వీటన్నిటినీ ఏ తడబాటూ లేకుండా సరైన గడిలో వేసింది. మనిషి కూర్చుని చేస్తే విసుగొచ్చి సగంలో వదిలేసే పని ఇది.

తడబడింది రెండుచోట్ల. వాయిస్ మెసేజీలను టెక్స్ట్‌గా మార్చినప్పుడు సరుకుల పేర్లు చెడిపోయాయి, మాగాయ కాస్తా ఎక్కడా లేని మాట అయిపోయింది. సరుకుల పేర్ల జాబితా ముందే ఇచ్చాక చాలావరకు సర్దుకుంది. రెండోది పొగడ్త, ఫిర్యాదు తేడా. "నాలిక మండిపోయిందండీ" అన్న ప్రతి మెసేజీనీ ఫిర్యాదులో వేసింది. బాగా ఘాటుండే తేజ రకం కారం అడిగి తీసుకున్న పిడుగురాళ్ల కస్టమరు ఆ మాట అన్నాడంటే మళ్లీ ఆర్డరు పెట్టబోతున్నాడన్నమాట. పిల్లల టిఫిన్లోకి అని కందిపొడి తీసుకున్నావిడ అంటే అది ఫిర్యాదే. కాబట్టి మెసేజీతోపాటు ఆ కస్టమరు ఏం కొన్నదీ పక్కన గడిలో ఇచ్చాం. అప్పటికీ ఫిర్యాదుల వర్గం మొత్తం కోడలుగారు ఒకసారి కళ్లతో చూశాకే లెక్కలోకి తీసుకున్నాం.

ఇంకో ఆచరణ సంగతి. ఈ మోడళ్లు తెలుగు లిపిని ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లుగా, అంటే అవి చదువుకునే చిన్న చిన్న ముక్కలుగా, విడగొట్టుకుంటాయి. అందుకని ఒకేసారి పెద్ద ఫైలు ఇస్తే మధ్యలో ఉన్నవి వదిలేసి, అంతా చదివినట్టే జవాబిస్తుంది. నెలవారీగా విడగొట్టి ఇవ్వండి. ఇచ్చిన వరసలెన్ని, తిరిగొచ్చిన వరసలెన్ని అని ప్రతిసారీ సరిచూసుకోండి.

మెసేజీల్లో ఏం దొరికింది

నెలల వారీగా సర్దేసరికి కొట్టువాళ్లకే తెలియని విషయాలు బయటపడ్డాయి. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి వెల్లుల్లి గురించి అడిగేవాళ్లు ఒక్కసారిగా పెరుగుతున్నారు. కార్తీకమాసం మరి. వీళ్లు కందిపొడి వెల్లుల్లి లేకుండా కూడా ఎప్పటినుంచో చేస్తున్నారు, అడిగినవాళ్లకి కౌంటరు కింద నుంచి తీసి ఇస్తున్నారు. కానీ లేబుల్ మీద లేదు, కేటలాగ్‌లో లేదు, ఏ పోస్టులోనూ లేదు.

జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాకా ఇంకో వరస. అమెరికాలో చదువులకు ఆగస్టులో సెమిస్టరు మొదలవుతుంది. విజయవాడ, గుంటూరు, తెనాలి, నరసరావుపేట తల్లులందరి ప్రశ్న ఒకటే: సూట్‌కేసులో నూనె కారకుండా కడతారా? రుచి గురించి అడిగినవాళ్లు ఆ నెలల్లో చాలా తక్కువ. రుచి వాళ్లకి తెలుసు. వాళ్ల టెన్షన్ అంతా పిల్ల కొత్త బట్టల మీద నూనె పడుతుందేమోనని.

ఇంతకీ ఏఐని విడిగా "గుంటూరు పచ్చళ్ల కొట్టుకి ఏడాది మార్కెటింగ్ క్యాలెండర్ ఇవ్వు" అని అడిగితే దీపావళి, ప్రేమికుల రోజు, మదర్స్ డే అని ఇచ్చింది. అసలు క్యాలెండరు ఆ మెసేజీల్లో ఉంది: సంక్రాంతికి ఊరొచ్చి వెళ్లేవాళ్లు, మేలో కొత్తావకాయ, జూలై ఆగస్టుల్లో విమానాలు, ఆ తర్వాత కార్తీకం.

రాయించడం మొదలుపెట్టింది అప్పుడే

ఒక్కో సరుకుకీ తెలుగులో ఒక కార్డు తయారుచేశాం. ఏం వేస్తారు, ఏం వేయరు, ఏ మిరపకాయ, ఏ నూనె, ఎన్నాళ్లు నిల్వ, ఏ సైజులు, కస్టమర్లు దీని గురించి ఏ మాటల్లో అడుగుతారు. చివరి గడిలో ఆ మెసేజీలే యథాతథంగా. టూల్‌కి ఆ కార్డు ఇచ్చి, ఇందులో లేనిది ఒక్కటి కూడా చేర్చొద్దు, ఇదిగో ఈవిడ అడిగిన ప్రశ్నకి ఫోన్‌లో జవాబు చెప్పినట్టు మూడు వాక్యాలు రాయి అన్నాం. సూట్‌కేసు ప్రకటన అలా వచ్చిందే:

"సూట్‌కేసులో నూనె కారదండీ. మూతకి సీలు వేసి, పైన రెండు కవర్లు వేస్తాం. ప్రయాణానికి మూడు రోజుల ముందు చెప్పండి, కట్టి ఉంచుతాం."

టూల్ ఇచ్చిన నాలుగైదు మచ్చుల్లో ఒకదాన్ని తీసుకుని కోడలుగారు సరిచేసిన రూపం ఇది. టూల్ రాసినదాంట్లో "మీ ప్రియమైన వారికి ఇంటి రుచిని అందించండి" అని ఒక వాక్యం ఉంది. ఆవిడ పైకి చదివి, "ఇలా నేను ఫోన్‌లో ఎవరితోనూ అననండీ" అని కొట్టేశారు. ఆ రోజు నుంచి అదే నియమం చేశాం. ప్రతి పోస్టూ ఆవిడ పైకి చదవాలి, ఫోన్‌లో అనని వాక్యం ఉంటే పోతుంది. బొమ్మలో కూడా ఆవిడ కట్టిన ప్యాకెట్టే పెట్టాం, సీసాని తలకిందులుగా పట్టుకుని.

ఈ ప్రకటన కింద ప్రశ్నలొచ్చాయి. "ఐదు రకాలు అరకిలో చొప్పున కడితే మొత్తం బరువెంత?" లాంటివి, కొనబోయేవాళ్లు అడిగేవి. ఆ నెలల్లో వాట్సాప్‌లో సూట్‌కేసు గురించి కొత్తగా పలకరించినవాళ్లు అంతకుముందు ఏడాది కంటే స్పష్టంగా ఎక్కువ. కార్తీకంలో వెల్లుల్లి లేని కందిపొడి రెండుసార్లు అదనంగా ఆడించాల్సి వచ్చింది. అయితే ఇదంతా ఏఐ గొప్పతనమని నేననను. సరుకు ముందు నుంచీ ఉంది, అడిగేవాళ్లూ ముందు నుంచీ ఉన్నారు.

టూల్ తనంతట తాను చేర్చేవి

ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం కలిగించింది ఇదే, కాస్త వివరంగా రాస్తాను. ఎంత గట్టిగా చెప్పినా, ఆహారం గురించి రాయమంటే ఈ టూల్స్ చేతికి కొన్ని మాటలు వాటంతట అవే వచ్చేస్తాయి. "నూటికి నూరు శాతం సహజం", "జీర్ణశక్తిని పెంచుతుంది", "తరతరాల అమ్మమ్మ రెసిపీ". వినడానికి బాగానే ఉంటాయి. కానీ ఆహార ప్రకటనలు, క్లెయిముల మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లోనే నియమాలు తెచ్చింది. సహజం, తాజా, సంప్రదాయ లాంటి మాటలు ఇష్టమొచ్చినట్టు వాడటానికి లేదు, వాటికి షరతులున్నాయి. ఆరోగ్యానికి మంచిదంటే రుజువు ఉండాలి. నూటికి నూరు శాతం అన్న మాట లేబుళ్లలో, ప్రకటనల్లో వాడొద్దని 2025 మేలో మళ్లీ సూచన ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో వచ్చిన మార్గదర్శకాలు వేరే ఉన్నాయి. రేపు నోటీసు వస్తే అది కొట్టు పేరు మీదే వస్తుంది, ఏఐ రాసిందన్న జవాబు చెల్లదు.

మిరపకాయ దగ్గర మరీ ఇబ్బంది. గుంటూరు కారం అనగానే టూల్ "గుంటూరు సన్నం" అని రాసేస్తుంది. ఇంటర్నెట్లో ఎక్కువ కనపడేది అదే కాబట్టి. సన్నం ఒక ప్రత్యేక మిరప రకం, దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, ఆ పేరు దానికే వాడాలి. వీళ్ల కారంలో మాత్రం ఘాటు కోసం తేజ, రంగు కోసం కర్ణాటక నుంచి వచ్చే బ్యాడగి కలుస్తాయి. పెద్దాయన మిర్చి యార్డులో కాయ చేత్తో విరిచి, గింజ చూసి, తొక్క మందం చూసి కొంటారు. కాయ విరుస్తూ ఆయన చెప్పిన మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకుని, అవే పోస్టుగా పెట్టాం. "రంగుకి బ్యాడగి, ఘాటుకి తేజ. రెండూ కలిపి ఆడిస్తాం" అని నిజం చెప్తే ఎవరూ తగ్గించి చూడలేదు. నా కూరకి ఏ పాళ్లలో కలిపింది కావాలి అని అడగడం మొదలుపెట్టారు.

రంగు కలిపారా అన్న ప్రశ్న ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. దానికి వీడియో చేద్దామని స్క్రిప్టు అడిగాం. టూల్ మంచి ఆలోచనే ఇచ్చింది: గాజు గ్లాసులో నీళ్లు పోసి పైన చిటికెడు కారం చల్లాలి, నీళ్లలో కరిగే కృత్రిమ రంగు ఉంటే చారలు చారలుగా కిందికి దిగుతుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇంట్లో చేసుకోదగ్గ పరీక్షల్లో చెప్పేదే ఇది. కానీ స్క్రిప్టు చివర "నీళ్లలో రంగు దిగలేదంటే ఈ కారంలో కల్తీ లేదని రుజువైనట్టే" అని ముగించింది. అది అబద్ధం. సుడాన్ లాంటి నిషేధిత రంగులు నూనెలో కరుగుతాయి, నీళ్లలో కరగవు. గ్లాసు పరీక్షలో అవి పట్టుబడవు, ల్యాబ్‌లోనే తేలాలి. మేం వీడియోలో ఆ రెండో ముక్క కూడా చెప్పాం. ఈ గ్లాసు పరీక్ష ఇంతవరకే చెప్తుంది, మిగతాది ఇదిగో ఈ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు అని బ్యాచ్ నంబరుతో చూపించాం. ఆ రిపోర్టు తెప్పించడానికి డబ్బు, సమయం రెండూ పట్టాయి. పోస్టు రాయించడానికి పట్టింది నిమిషం. మన రంగంలో ఖర్చు ఎక్కడ పెట్టాలో ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తెలిసిపోతుంది.

బొమ్మలు, గొంతు, బాట్

సరుకు బొమ్మలు ఏఐ చేత గీయించడం పూర్తిగా మానేశాం. గోంగూర పెట్టమంటే ఏదో తోటకూరలా గీస్తుంది, ఎర్ర గోంగూర కాడ దానికి తెలియదు. ఫోన్‌తో కిటికీ దగ్గర తీసిన ఫోటోలు వాడుతున్నాం. వెనకున్న చెత్త తీసేయడానికి, వెలుతురు సర్దడానికి, ఒకే ఫోటోని స్టేటస్‌కీ పోస్టుకీ సైజు మార్చడానికి ఏఐ బ్రహ్మాండంగా పనికొస్తోంది. తెలుగు అక్షరాలు మాత్రం బొమ్మలో దాని చేత రాయించం. ఒత్తులు తారుమారవుతాయి. మండలి, రామభద్ర లాంటి ఉచిత తెలుగు ఫాంట్లు ఉన్నాయి, వాటితో మనమే టైపు చేసి పెడుతున్నాం.

ఏఐ గొంతుతో చేసిన రీల్స్ కొన్నాళ్లు నడిపి ఆపేశాం. ఉచ్చారణలో తప్పేం లేదు, వార్తలు చదివినట్టు ఉంది. అదే మాట కోడలుగారు షెడ్డులో నిలబడి, వెనక మర చప్పుడు వినపడుతుండగా చెప్తే చివరిదాకా చూస్తున్నారు.

వాట్సాప్‌లో తనంతట తానే జవాబిచ్చే బాట్ విషయంలో మాత్రం గీత గీసుకున్నాం. మామూలు బిజినెస్ యాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మందే పరిమితి, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకని ఏపీఐకి, అంటే వాట్సాప్‌ను మన సాఫ్ట్‌వేర్‌తో కలిపి నడిపే పద్ధతికి, మారాం. అక్కడ కస్టమరు చివరి మెసేజీ పెట్టిన 24 గంటల లోపు మామూలుగా మాట్లాడొచ్చు, ఆ తర్వాత ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ (రెడీమేడ్ మెసేజీ) మాత్రమే పంపాలి, మార్కెటింగ్ టెంప్లేట్ ఒక్కోదానికీ డబ్బు పడుతుంది. కాబట్టి అందరికీ అన్నీ పంపడం మానేసి, కార్తీకంలో వెల్లుల్లి గురించి అడిగినవాళ్లకే మరుసటి ఏడాది ఆ మెసేజ్, విమానం ప్యాకింగ్ అడిగిన ఇళ్లకే జూలై మెసేజ్ అని విడగొట్టాం. ఇంకేమీ వద్దన్నవాళ్లను ఆ రోజే లిస్టులోంచి తీసేస్తున్నాం.

బాట్ ధర, సైజులు, కొట్టు వేళలు, ఆర్డరు ఎక్కడిదాకా వచ్చిందో చెప్తుంది. పల్లీలు, నువ్వులు పడనివాళ్ల ప్రశ్నలు, ఆరోగ్యం ప్రశ్నలు, విమాన నిబంధనలు వస్తే మాత్రం వెంటనే మనిషికి అప్పగిస్తుంది. ప్రయోగంలో ఒక బాట్ ఆవకాయ సీసాని చేతి సామానులో పెట్టుకోవచ్చని ధీమాగా చెప్పింది. విదేశీ ప్రయాణాల చేతి సామానులో ద్రవాలకి ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నియమం ఉంది, నూనె తేలే పచ్చడిని సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పడేస్తారు. ఎయిర్‌పోర్టులో ఆ పిల్ల అలా నిలబడిపోతే ఆ ఇంటివాళ్లు మళ్లీ మన కొట్టుకి రారు.

ఇప్పుడు నడుస్తున్న పని

ఇంతవరకు చదివించింది వాట్సాప్‌నే. పెద్దవయసు కస్టమర్లు ఫోన్ చేసి ఆర్డరిస్తారు, అవి పెద్దాయన పుస్తకంలో ఉంటాయి. పేజీలు ఫోటో తీసి ఏఐ చేత చదివిస్తే అంకెలు వచ్చాయి, ఆయన గొలుసుకట్టు రాత మాత్రం సరిగా రాలేదు. అందుకని కౌంటరులో కుర్రాడు రోజూ సాయంత్రం షీట్‌లో మూడు గడులు నింపుతున్నాడు: ఏం అడిగారు, ఏం కొన్నారు, మనం ఏది లేదన్నాం. నాకు ఎక్కువ ఆశ ఆ మూడో గడి మీదే. ఇద్దరే ఉండే ఇళ్లవాళ్లు అరకిలో కంటే చిన్న సీసా అడిగి, లేదంటే ఊరుకుంటున్నారని అందులో ఇప్పటికే కనపడుతోంది. మామిడికాయ దిగి మొదటి ఆవకాయ కలిపేలోపు పావుకిలో సీసాలు తెప్పించాలా వద్దా అన్నది ఆ షీట్ చూసే తేల్చబోతున్నాం.